జెల్ రాయకముందు పెట్టే సంతకం

హన్మకొండలోనో కరీంనగర్‌లోనో స్కానింగ్ సెంటర్‌కు పోయిన గర్భిణికి పొట్ట మీద జెల్ రాయకముందే ఒక కాగితం చేతికొస్తుంది. దాని పేరు ఫారం-ఎఫ్. కొడుకులెందరు, కూతుళ్లెందరు, వాళ్ల వయసులెంత అని అందులో రాయించుకుంటారు. కడుపులో ఉన్నది ఆడో మగో తెలుసుకోవాలనుకోవడం లేదని ఆమె సంతకం పెట్టాలి, తాను చూసి చెప్పలేదని డాక్టర్ పెట్టాలి. చాలామంది చదవకుండానే పెట్టేస్తారు. వైద్యానికి వచ్చిన యంత్రానికి చట్టం కాపలా ఎందుకు కాయాల్సి వచ్చిందో ఆ కాగితంలోనే ఉంది.

అసలు ఈ స్కానింగ్ పద్ధతి ఆసుపత్రిలో పుట్టలేదు. ఇనుములో పగుళ్లు పట్టుకోవడానికి కర్మాగారాల్లో వాడే పరికరంతో 1955లో గ్లాస్గో ప్రొఫెసర్ ఇయాన్ డొనాల్డ్ కడుపులోంచి తీసిన గడ్డల మీద ప్రయోగాలు చేశాడు. ఇంజనీరు టామ్ బ్రౌన్, డాక్టర్ మెక్‌వికార్‌లతో కలిసి 1958లో ‘లాన్సెట్’ పత్రికలో ఫలితాలు ప్రకటించాడు. 1973లో హ్యూ రాబిన్సన్ పిండం పొడవును తల నుంచి పిరుదుల దాకా కొలిచి వారాలు లెక్కగట్టే పద్ధతి చూపించాడు. మన రిపోర్టుల్లో ‘సి.ఆర్.ఎల్.’ అని కనిపించేది ఆ కొలతే. ఇందులో పనిచేసేది శబ్ద తరంగం. ఎక్స్‌రేతో దీనికి సంబంధం లేదు. అయినా మొదటి మూడు నెలల్లో, రక్త ప్రవాహాన్ని చూసే డాప్లర్‌ను అవసరం లేకుండా వాడరు, ఎందుకంటే అది కణజాలాన్ని ఎక్కువ వేడెక్కిస్తుంది.

మొదటి స్కాన్ విలువ ఆ సి.ఆర్.ఎల్.లోనే ఉంది. 14 వారాలు నిండకముందు కొలిస్తే తేడా 5 నుంచి 7 రోజులే. చివరి నెలల్లో తల చుట్టుకొలత, తొడ ఎముక చూసి లెక్కేస్తే మూడు వారాల దాకా తేడా రావచ్చు. ఇళ్లలో జరిగే పొరపాటు ఇక్కడే. మొదటి స్కాన్‌లో కాన్పు తేదీ అక్టోబరు 10 అని వచ్చింది, 34వ వారం స్కాన్‌లో అక్టోబరు 24 అని వచ్చింది అనుకోండి. ‘డేట్ మారింది’ అని అందరూ ఊరట పడతారు. నిజానికి తేదీ మారలేదు, బిడ్డ ఎదుగుదల రెండు వారాలు వెనకబడి ఉండవచ్చు. మాయ సరిగా పనిచేయక బిడ్డ చిక్కిపోతుంటే కొత్త తేదీ ఆ సంగతిని కప్పేస్తుంది. అందుకే మొదటి రిపోర్టును ఫైల్లో పైనే పెట్టుకోవాలి, తర్వాతి ప్రతి రిపోర్టునూ దానితో పోల్చి చూడమని అడగాలి.

11 నుంచి 14 వారాల మధ్య మెడ వెనక నీటి పొరను కొలిచేది ఎన్.టి. స్కాన్. 18 నుంచి 22 వారాల్లో అవయవాలన్నీ చూసేది టిఫా. టిఫాను ‘తర్వాత చూద్దాం’ అని వాయిదా వేస్తే నష్టం. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం 24 వారాలు దాటాక తీవ్రమైన లోపం ఉన్నా, గర్భం తీసేయవచ్చా లేదా అన్నది మెడికల్ బోర్డు తేల్చాల్సిందే. తెలంగాణలో 2022 నవంబరు దాకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో టిఫా అరుదు. అప్పుడు రాష్ట్రంలోని 44 ఆసుపత్రులకు 56 యంత్రాలు ఇచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో అందరికీ చెప్పింది 24 వారాల్లోపు ఒక స్కాన్ మాత్రమే. అంతకుముందు 1993లో అమెరికాలో 15 వేల మందికి పైగా మామూలు గర్భిణులపై చేసిన అధ్యయనంలో, అందరికీ రెండు స్కాన్లు చేసినంత మాత్రాన పుట్టిన బిడ్డల పరిస్థితి మెరుగుపడలేదని తేలింది. నెలనెలా స్కాన్ రాసేవాళ్లకు ఈ మాట రుచించదు.

ఇక ఆ సంతకం కథ. 1970లలో మన దేశానికి ఉమ్మనీటి పరీక్ష వచ్చింది. లోపాలు చూడాల్సిన ఆ పరీక్షతో ఆడో మగో చూడటం మొదలైంది. దాన్ని ఆపడానికి 1988లో మహారాష్ట్ర చట్టం చేసింది, కేంద్రం 1994లో చేసింది, అది 1996లో అమల్లోకి వచ్చింది. ఈలోపు అల్ట్రాసౌండ్ యంత్రాలు పట్టణాల్లో పెరిగాయి. ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991లో 945 ఉంటే 2001లో 927కి పడిపోయారు. 2003 సవరణతో యంత్రాల అమ్మకాల దాకా చట్టం చేతికి వచ్చింది. 2012లో, వెంట మోసుకుపోయే యంత్రాలకూ ఒక డాక్టర్ ఎన్ని చోట్ల స్కాన్ చేయవచ్చన్న దానికీ హద్దులు పెట్టారు. అయినా 2023 మేలో వరంగల్ పోలీసులు లింగనిర్ధారణ ముఠాను పట్టుకున్నారు. ఈ చట్టంలో మొదటి నేరానికి మూడేళ్ల దాకా జైలు. గర్భిణి చేత అడిగించింది భర్తో బంధువులో అని చట్టం ముందే భావిస్తుంది, కేసు వాళ్ల మీదికీ పోతుంది. ఆడో మగో మాటల్లో చెప్పకుండా సైగ చేసినా నేరమే.

చివరి నెలల స్కాన్ సంగతి వేరు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే, కరీంనగర్ జిల్లాలో 80 శాతం పైన. ‘మెడకు పేగు చుట్టుకుంది’, ‘ఉమ్మనీరు తగ్గింది’ అన్న రెండు మాటలు విని ఆపరేషన్‌కు ఒప్పుకున్న ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు. పేగు చుట్టుకోవడం చాలామంది బిడ్డల్లో కనిపించేదే, అదొక్కటే కోతకు కారణం కాదు. ఉమ్మనీటిని రెండు రకాలుగా కొలుస్తారు. నాలుగు చోట్ల కొలిచి కూడితే 5 సెంటీమీటర్ల లోపు తక్కువ, ఒకే లోతైన గుంటను కొలిస్తే 2 సెంటీమీటర్ల లోపు తక్కువ. మొదటి పద్ధతిలో ‘తక్కువ’ అని ఎక్కువమందికి తేలుతుంది, నొప్పులు తెప్పించడాలూ పెరుగుతాయి, బిడ్డకు అదనపు మేలు మాత్రం కనపడలేదు. తగ్గిందని చెప్పినప్పుడు అడగాల్సింది ఇది: ‘ఏ లెక్కన తగ్గింది, ఎన్ని సెంటీమీటర్లుంది, బిడ్డ కదలిక ఎట్లుంది?’