యువత సేవకు రాదంటారు: అపోహలు - వాస్తవాలు

మాది ఒక చిన్న పట్టణంలోని సేవా సంఘం. రక్తదాన శిబిరాలు పెడతాం, బడి పిల్లలకు సాయంత్రం చదువు చెబుతాం, ఎండాకాలంలో చలివేంద్రం నడుపుతాం. వీటికి కుర్రాళ్లను కూడగట్టే పని చాలా ఏళ్లుగా నాది. ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు ఈ మాటలు అంటూనే ఉంటారు.

అపోహ: ఈ కాలం పిల్లలకు ఫోన్ తప్ప ఏదీ పట్టదు.

వాస్తవం: 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. ఆ నీళ్లలో దిగి పాల ప్యాకెట్లు, భోజనం పొట్లాలు పంచినవాళ్లలో కాలేజీ పిల్లలు కూడా ఉన్నారు. ఎక్కడికి రావాలో, ఏం మోయాలో తెలిసింది, వచ్చారు. మామూలు రోజుల్లో మనం 'సేవకు ముందుకు రండి' అంటాం. ఆ మాటలో పని ఎక్కడుంది? 'ఆదివారం 9 నుంచి 12 దాకా రిజిస్టర్ రాయడానికి నువ్వు కావాలి' అని పేరు పెట్టి పిలవండి. మా సంఘంలో గోడ మీద పోస్టర్ చూసి వచ్చినవాళ్లు ఇద్దరో ముగ్గురో. మిగతా అందరూ ఎవరో ఒకరు అడిగితే వచ్చినవాళ్లే. పిలవని పేరంటానికి ఎవరు మాత్రం వస్తారు!

అపోహ: సర్టిఫికెట్ కోసమే వస్తారు.

వాస్తవం: కొందరు అందుకే వస్తారు, అందులో తప్పు లేదు. 1969లో విద్యార్థుల కోసం మొదలైన జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్)లో కూడా రెండేళ్లలో 240 గంటల పని, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పూర్తిచేస్తేనే సర్టిఫికెట్. గంటల కోసం వచ్చిన అబ్బాయి, రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవాల్సిన తలసీమియా బిడ్డను ఒక్కసారి చూస్తే ఆ తర్వాత గంటలు లెక్కపెట్టడు. మనం చేయాల్సిందల్లా ఆ కాగితం అడగకముందే ఇవ్వడం.

అపోహ: రక్తం ఇవ్వలేనివాళ్లకు శిబిరంలో పని లేదు.

వాస్తవం: మా సంఘం అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయింది ఇక్కడే. రక్తం ఇవ్వాలంటే 18 ఏళ్లు నిండాలి, కనీసం 45 కిలోలుండాలి, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. డిగ్రీ చదివే ఆడపిల్లలు ఎంతో ఉత్సాహంగా వస్తారు. వేలి చివర చుక్క తీసి చూసి, హిమోగ్లోబిన్ సరిపోదని వెనక్కి పంపేస్తారు. చిన్నబోయిన ఆ ముఖాలు చూస్తే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. 'ఈసారి ఇద్దువులే అమ్మా' అని పంపేసేవాళ్లం. మళ్లీ వచ్చేవాళ్లు కాదు.

ఇప్పుడు అలా పంపం. అక్కడే కుర్చీ వేసి దాతల వివరాలు రాయమంటాం. మొదటిసారి ఇస్తున్నవాళ్ల పక్కన కూర్చుని టెన్షన్ పోగొట్టమంటాం. రక్తం ఇచ్చిన మగవాళ్లకు మూడు నెలలు, ఆడవాళ్లకు నాలుగు నెలలు దాటాక, మళ్లీ ఇవ్వొచ్చని ఫోన్ చేసి గుర్తుచేసే పని కూడా వాళ్లదే. ఐరన్ ఎక్కువగా ఉండే తిండి గురించి చెప్పి, డాక్టర్‌కు చూపించుకోమంటాం. అలా కొందరు తర్వాత రక్తం కూడా ఇచ్చారు.

అపోహ: ఆడపిల్లలను ఇంట్లో పంపరు.

వాస్తవం: వాళ్ల అమ్మ అడిగేవి మూడే: ఎవరు తీసుకెళ్తారు, ఎన్నింటికి తీసుకొస్తారు, ఇంకా ఏ ఆడపిల్లలు వస్తున్నారు. ఇంటికెళ్లి జవాబు చెప్పండి. చెప్పిన టైముకు దిగబెట్టండి. బాత్రూమ్ లేని చోట శిబిరం పెట్టకండి.

అపోహ: సేవ అన్నాక డబ్బు మాట రాకూడదు.

వాస్తవం: ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో గ్రామ వాలంటీర్లు వచ్చాక, 'వాలంటీర్' అంటే 'ఎంతిస్తారు?' అని అడిగే ఇళ్లున్నాయి. కోపం తెచ్చుకోకుండా, జీతం లేదని మొదటే చెప్పేయాలి. కానీ బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం సంఘమే పెట్టుకోవాలి. లేకపోతే జేబులో డబ్బున్న పిల్లలే మిగులుతారు.

అపోహ: పని పిల్లలది, నిర్ణయం పెద్దలది.

వాస్తవం: ఎండాకాలం సెలవుల్లో కాలేజీలు ఖాళీ అయిపోతాయి, రక్తం కొరత మొదలవుతుంది. మేం ఏటా మే నెలలో శిబిరం పెట్టి, దాతలు లేక అవస్థ పడేవాళ్లం. ఒకసారి తేదీ పెట్టే పని పిల్లలకే అప్పగించాం. చివరి పరీక్ష రోజు సాయంత్రం, హాస్టల్ ఖాళీ కాకముందే పెడదామన్నారు. మా పెద్దల్లో ఎవరికీ తట్టని సంగతి అది. ఆ రోజు మేం వేసిన మంచాలు చాల్లేదు.