334 నుంచి 498 దాకా: వన్డే రికార్డు స్కోర్ల వెనక ఏం జరిగింది

ఏ వన్డేలోనైనా 35 ఓవర్లకే స్కోరు 300 దగ్గరికొచ్చిందంటే చాలు, ఇవాళ ఐదొందలు పడతాయా అని అందరం లెక్కలేసుకోవడం మొదలుపెడతాం. మగవాళ్ళ వన్డేల్లో ఇది రాసే సమయానికి ఆ ఐదొందలు ఎవరూ కొట్టలేదు, ఇంగ్లండ్ వాళ్ళు 2022 జూన్ 17న నెదర్లాండ్స్ మీద 498 దాకా వెళ్ళి ఆగిపోయారు. ఇంత స్కోరు ఎలా వచ్చిందంటే ఇప్పటి బ్యాటర్లు బాగా కొడుతున్నారు, బ్యాట్లు పెద్దవయ్యాయి, టీ20 వచ్చింది అని చెప్పేసి ఊరుకుంటారు చాలామంది. అది సగం నిజమే. నాకు కనిపించేది ఏంటంటే ఈ రికార్డు ఏటా కొంచెం కొంచెం పెరుగుతూ రాలేదు, ఏళ్ళకేళ్ళు కదలకుండా ఉండి ఒక్కసారిగా ఎగిరింది, అలా ఎగిరినప్పుడు చాలాసార్లు దానికి కాస్త ముందే ఏదో ఒక రూల్ మారి ఉంది, అదీ బౌలర్ దగ్గర్నుంచి ఏదో ఒకటి తీసేసుకున్న రూల్.

మొదటి వన్డే 1971 జనవరి 5న మెల్‌బోర్న్‌లో జరిగింది. యాషెస్ టెస్టు వర్షానికి కొట్టుకుపోతే దాని బదులు పెట్టిన ఆట అది, ఓవర్‌కి ఎనిమిది బంతుల లెక్కన 40 ఓవర్లు, ఇంగ్లండ్ 190కి ఆలౌట్ అయితే ఆస్ట్రేలియా ఐదు వికెట్లు పోగొట్టుకుని కొట్టేసింది. 1975లో మొదటి వరల్డ్ కప్ మొదటి రోజే లార్డ్స్‌లో ఇంగ్లండ్ మన మీద 60 ఓవర్లలో 334/4 కొట్టింది, డెనిస్ ఏమిస్ 137. దానికి జవాబుగా గవాస్కర్ 174 బంతులాడి 36 నాటౌట్, మనం 132/3, 202 పరుగుల తేడాతో ఓడిపోయాం. గవాస్కర్‌ని ఆ ఇన్నింగ్స్ గురించి ఇప్పటికీ తిడుతూనే ఉంటారు, నేను సమర్థించను గానీ, 334 అనేది వెంటపడి కొట్టగలిగే స్కోరు అనే ఆలోచనే అప్పటికి ఆటలో లేదు, అదీ గుర్తుపెట్టుకోవాలి.

ఆ 334 ఎనిమిదేళ్ళు నిలిచింది. 1983 వరల్డ్ కప్‌లో పాకిస్తాన్ స్వాన్సీలో శ్రీలంక మీద 338/5 కొట్టింది, అదీ 60 ఓవర్లలోనే, అంటే ఎనిమిదేళ్ళలో పెరిగింది నాలుగే పరుగులు. 1987 వరల్డ్ కప్‌కి ఓవర్లు 50కి తగ్గించారు, పది ఓవర్లు తగ్గితే రికార్డు ఇంకెక్కడ కదులుతుంది అనుకుంటాం కదా, కరాచీలో వెస్టిండీస్ శ్రీలంక మీద 360/4 కొట్టింది. వివియన్ రిచర్డ్స్ 125 బంతుల్లో 181. దీనికి మాత్రం ఏ రూలూ కారణం కాదు, ఆ మనిషే కారణం. తర్వాత 1992లో ఇంగ్లండ్ నాటింగ్‌హామ్‌లోని ట్రెంట్ బ్రిడ్జ్‌లో పాకిస్తాన్ మీద 363/7 చేసింది కానీ అది 55 ఓవర్ల మ్యాచ్.

ఇక్కడి నుంచి అసలు కథ. 1992 వరల్డ్ కప్‌లో మొదటి 15 ఓవర్లలో సర్కిల్ (పిచ్ చుట్టూ గీసే 30 గజాల గీత) బయట ఇద్దరే ఫీల్డర్లు ఉండాలని పెట్టారు. అప్పటికే న్యూజిలాండ్ ఓపెనర్ గ్రేట్‌బ్యాచ్ లాంటి వాళ్ళు ఓపెనింగ్‌లో గాల్లోకి లేపి కొట్టడం చూశాం కానీ, దాన్ని ఒక పద్ధతిగా మార్చింది 1996లో శ్రీలంక. జయసూర్య, కలువితరణ ఇద్దరూ మొదటి బంతి నుంచే బాదేయడం, వాళ్ళు అవుటైనా వెనక అరవింద డిసిల్వా, రణతుంగ ఉన్నారన్న ధైర్యం. 1996 మార్చి 6న క్యాండీలో కెన్యా మీద 398/5, డిసిల్వా 145. కెన్యా చిన్న జట్టు కాబట్టి ఆ రికార్డుకి విలువ లేదని అంటుంటారు. అదే కెన్యా అంతకు వారం ముందే పుణేలో వెస్టిండీస్‌ని ఓడించింది, ఆ సంగతి ఎవరూ చెప్పరు. ఆ 398 పదేళ్ళు కదల్లేదు. మనవాళ్ళు 1999లో రెండుసార్లు దగ్గరికెళ్ళారు, టాంటన్‌లో శ్రీలంక మీద 373/6, హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో న్యూజిలాండ్ మీద 376/2. మొదటిదాంట్లో గంగూలీ, ద్రావిడ్ కలిసి 318, రెండోదాంట్లో సచిన్, ద్రావిడ్ కలిసి 331, రెండింట్లోనూ ద్రావిడ్ ఉన్నాడు చూడండి, స్లోగా ఆడతాడని పేరుపడ్డ మనిషి.

400 మొదట ఎవరు కొట్టారంటే అందరూ 2006 జొహానెస్‌బర్గ్ అంటారు. కాదు. 1997 జనవరి 29న క్రైస్ట్‌చర్చ్‌లో న్యూజిలాండ్ ఆడవాళ్ళ జట్టు పాకిస్తాన్ మీద 455/5 కొట్టింది, అప్పటికి మగవాళ్ళ రికార్డు 398. పాకిస్తాన్ ఆడవాళ్ళ జట్టు ముందురోజే తన మొట్టమొదటి వన్డే ఆడింది, ఇది రెండోది, 47కి ఆలౌటై 408 పరుగుల తేడాతో ఓడింది, కాబట్టి పోటీ ఏ మాత్రం ఉందో తెలుస్తూనే ఉంది, అయినా స్కోరు స్కోరే. అదే ఏడాది డిసెంబర్‌లో ముంబైలో ఆస్ట్రేలియా డెన్మార్క్ మీద 412/3 చేసింది, అందులో బెలిండా క్లార్క్ 229 నాటౌట్, వన్డేల్లో మొదటి డబుల్ సెంచరీ అదే, సచిన్ గ్వాలియర్‌లో 200 కొట్టడానికి పన్నెండేళ్ళ పైచిలుకు ముందు. మళ్ళీ 2018 జూన్ 8న డబ్లిన్‌లో న్యూజిలాండ్ వాళ్ళే ఐర్లండ్ మీద 491/4 కొట్టారు. అంటే 1997 నుంచి 2022 దాకా, పాతికేళ్ళ పాటు, వన్డే క్రికెట్ మొత్తంలో అతిపెద్ద స్కోరు న్యూజిలాండ్ ఆడవాళ్ళదే. టీవీలో రికార్డుల పట్టిక వేసినప్పుడు ఇది కనిపించకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

2005 జులైలో పవర్‌ప్లేలు వచ్చాయి, ఫీల్డింగ్ కట్టుబాట్లు 15 ఓవర్ల నుంచి 20 ఓవర్లకి పెరిగాయి. తొమ్మిది నెలలు తిరక్కుండానే, 2006 మార్చి 12న, జొహానెస్‌బర్గ్ వాండరర్స్‌లో పదేళ్ళ రికార్డు ఒకేరోజు రెండుసార్లు బద్దలైంది. ఆస్ట్రేలియా, సౌతాఫ్రికా సిరీస్ 2-2తో ఉంది, ఇదే తేల్చే మ్యాచ్. పాంటింగ్ 105 బంతుల్లో 164, ఆస్ట్రేలియా 434/4. ఆ స్కోరు చూశాక మ్యాచ్ అయిపోయిందనే ఎవరైనా అనుకుంటారు. సౌతాఫ్రికా తరఫున గిబ్స్ 111 బంతుల్లో 175 కొట్టాడు, 130 దగ్గర బ్రాకెన్ క్యాచ్ వదిలేశాడు, గ్రేమ్ స్మిత్ 55 బంతుల్లో 90. చివరి ఓవర్ బ్రెట్ లీ, కావాల్సింది ఏడు, చేతిలో రెండు వికెట్లు. బౌచర్ సింగిల్ తీశాడు, హాల్ ఫోర్ కొట్టి మరుసటి బంతికే అవుటయ్యాడు, ఆఖరి బ్యాటర్ ఎన్తినీ ఎలాగో ఒక పరుగు తీసి స్కోరు సమం చేశాడు, బౌచర్ ఐదో బంతిని బౌండరీకి పంపాడు. 438/9, ఒక బంతి మిగిలుండగా. రెండు జట్లు కలిపి 872 పరుగులు.

ఆ మ్యాచ్ గురించి ఎంతసేపు మాట్లాడినా గిబ్స్, పాంటింగ్ పేర్లే వస్తాయి. అంత బాదుడులోనూ బ్రాకెన్ పది ఓవర్లలో 67 ఇచ్చి ఐదు వికెట్లు తీశాడు, నా లెక్కలో ఆ రోజు మైదానంలో జరిగిన గొప్ప పనుల్లో అదొకటి. ఇంకోపక్క మిక్ లూయిస్ పది ఓవర్లలో 113 ఇచ్చాడు, మళ్ళీ ఆస్ట్రేలియాకి ఒక్క వన్డే కూడా ఆడలేదు. ఆ ఒక్కరోజుతో అతని కెరీర్ ముగిసిపోయింది, ఈ పెద్ద స్కోర్ల ఖరీదు ఎవరు కట్టారో చెప్పాలంటే నేను ముందు అతని పేరే చెప్తాను.

నాలుగు నెలలకే, జులై 4న, శ్రీలంక నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టెల్వీన్‌లో 443/9 చేసింది, జయసూర్య 157, దిల్షాన్ 117 నాటౌట్. ఆ తర్వాత మళ్ళీ పదేళ్ళ నిశ్శబ్దం. ఫ్రీ హిట్ వచ్చింది, ఐపీఎల్ వచ్చింది, బ్యాట్లు లావయ్యాయి, సెహ్వాగ్ ఇండోర్‌లో 219 కొట్టాడు, అప్పుడు మనం వెస్టిండీస్ మీద 418/5 చేశాం, రోహిత్ ఈడెన్‌లో ఒక్కడే 264 కొట్టాడు, 443 మాత్రం చెక్కు చెదరలేదు. 2009లో రాజ్‌కోట్‌లో మనం 414 కొడితే శ్రీలంక 411 దాకా వచ్చి మూడు పరుగులతో ఓడింది, అదీ రికార్డుకి దూరంగానే ఉండిపోయింది.

కానీ ఈ పదేళ్ళలోనే అడుగున చాలా మారింది. అంతకుముందు ఇన్నింగ్స్‌కి ఒకటే తెల్ల బంతి, మాసిపోతుందని 2007 నుంచి 34 ఓవర్లకి మార్చి, వాడిన బంతే ఇంకోటి ఇచ్చేవాళ్ళు. 2011 అక్టోబర్ నుంచి రెండు కొత్త బంతులు, ఒక్కో ఎండ్ నుంచి ఒకటి. అంటే యాభయ్యో ఓవర్ వేసే బౌలర్ చేతిలో ఉండేది పాతికో ఓవర్ బంతి, ఇంకా గట్టిగానే ఉంటుంది, మెరుపు పోదు, తగిలితే దూసుకుపోతుంది. ఒకప్పుడు వసీం, వకార్ చివరి ఓవర్లలో రివర్స్ స్వింగ్‌తో స్టంపులు ఎగరగొట్టారంటే బంతి అరిగి ఒకవైపు గరుకైపోవడం వల్లే కదా, ఆ అరిగే టైమే లేకుండా పోయింది, స్పిన్నర్లకి కూడా మెత్తబడ్డ బంతి దొరక్కుండా పోయింది. ఇది చాలదన్నట్టు 2012లో పవర్‌ప్లే కాని ఓవర్లలో కూడా సర్కిల్ బయట నలుగురే ఉండాలన్నారు. దాని ఫలితం 2015లో కళ్ళకి కట్టింది, జనవరిలో అదే వాండరర్స్‌లో సౌతాఫ్రికా వెస్టిండీస్ మీద 439/2, ముగ్గురు సెంచరీలు, డివిలియర్స్ 31 బంతుల్లో సెంచరీ, మొత్తం 44 బంతుల్లో 149. ఆ వెంటనే జరిగిన వరల్డ్ కప్‌లో మూడుసార్లు 400 దాటాయి. ఐసీసీకే ఎక్కువైందనిపించి జులై 2015లో చివరి పది ఓవర్లకి ఐదో ఫీల్డర్‌ని బయట పెట్టుకోనిచ్చింది. రెండు బంతుల జోలికి మాత్రం పోలేదు.

ఆ టైంకే ఇంగ్లండ్ వాళ్ళు అడిలైడ్‌లో బంగ్లాదేశ్ చేతిలో ఓడి వరల్డ్ కప్ గ్రూప్ దశలోనే ఇంటికెళ్ళారు. ఆ దెబ్బకి జట్టు ఆలోచనే మారింది, మోర్గాన్ కెప్టెన్‌గా ఉన్నాడు, బేలిస్ కోచ్‌గా వచ్చాడు, ఆలౌటైనా పర్లేదు బాదడం ఆపొద్దు అన్నది పద్ధతి అయిపోయింది. అది గొప్ప ధైర్యం, ఒప్పుకోవాల్సిందే, చాలా జట్లకి అవే రూల్స్ ఉన్నాయి, ఇంగ్లండ్ లాగా వాడుకున్నది తక్కువ. 2016 ఆగస్టు 30న ట్రెంట్ బ్రిడ్జ్‌లో పాకిస్తాన్ మీద 444/3, హేల్స్ 171, బట్లర్ ఆఖరి బంతికి ఫోర్ కొడితే రికార్డు ఒక్క పరుగుతో చేతికొచ్చింది. వహాబ్ రియాజ్ పది ఓవర్లలో 110. 2018 జూన్ 19న అదే గ్రౌండ్‌లో ఆస్ట్రేలియా మీద 481/6, హేల్స్ 147, బెయిర్‌స్టో 139. అలా 363, 444, 481 మూడు ప్రపంచ రికార్డులూ ఒకే గ్రౌండ్‌లో పుట్టాయి, అక్కడి పిచ్ గురించి ఇంకేం చెప్పాలి. ఆ 481 తర్వాత రెండు రోజులకే సచిన్ రెండు కొత్త బంతుల పద్ధతి మంచిది కాదని, రివర్స్ స్వింగ్ కనపడకుండా పోయిందని బాహాటంగా అన్నాడు, వకార్ యూనిస్ కూడా ఆ మాటే సమర్థించాడు. బ్యాట్‌తో కొట్టి బతికినవాడే బౌలర్ల తరఫున మాట్లాడాడంటే ఆలోచించాలి.

బ్యాట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2017 అక్టోబర్ నుంచి బ్యాట్ అంచు 40 మిల్లీమీటర్లు, మందం 67 మిల్లీమీటర్లు దాటకూడదని రూల్ వచ్చింది. 481, 498 రెండూ దాని తర్వాతవే. అంతా లావు బ్యాట్ల మహిమ అనేవాళ్ళు దీనికి ఏం చెప్తారో నాకు అర్థం కాదు.

ఇక 498. మళ్ళీ ఆమ్‌స్టెల్వీన్. రెండో ఓవర్లోనే జేసన్ రాయ్‌ని ఒక్క పరుగుకే స్నేటర్ బౌల్డ్ చేశాడు, ఇద్దరూ కజిన్స్ కూడా. నెదర్లాండ్స్‌కి సంతోషం అక్కడితో సరి. సాల్ట్ 122, మలాన్ 125, బట్లర్ 70 బంతుల్లో 162 నాటౌట్, లివింగ్‌స్టన్ 17 బంతుల్లో ఫిఫ్టీ కొట్టి 22 బంతుల్లో 66 నాటౌట్. మొత్తం 26 సిక్సులు, గ్రౌండ్ చుట్టూ చెట్లే కాబట్టి ఫీల్డర్లు పొదల్లోకి దిగి బంతులు వెతుక్కోవాల్సి వచ్చింది. బోయిసెవైన్ అనే లెగ్ స్పిన్నర్ పది ఓవర్లలో 108 ఇచ్చాడు. అంత చేసినా నెదర్లాండ్స్ తిరిగి 266 కొట్టింది, అది చిన్న విషయం కాదు. అదే ఏడాది నవంబర్‌లో విజయ్ హజారే ట్రోఫీలో తమిళనాడు అరుణాచల్ ప్రదేశ్ మీద 506/2 కొట్టి 50 ఓవర్ల దేశవాళీ ఆటలో ఐదొందలు దాటింది, జగదీశన్ 277. అంతర్జాతీయ మ్యాచ్‌లో మాత్రం ఇంకా కాలేదు. వరల్డ్ కప్ వరకు చూస్తే 2023లో ఢిల్లీలో శ్రీలంక మీద సౌతాఫ్రికా కొట్టిన 428/5 పెద్దది.

చివరికి 2025 జులై నుంచి ఐసీసీ రూల్ మార్చింది. 34 ఓవర్ల దాకానే రెండు బంతులు, ఆ తర్వాత వాటిలో ఒకదాన్ని ఫీల్డింగ్ జట్టు ఎంచుకుని మిగతా 16 ఓవర్లు దాంతోనే వేయాలి. పద్నాలుగేళ్ళు పట్టింది ఈ మాత్రానికి. వెంటనే స్కోర్లు తగ్గాయా అంటే లేదు. ఆగస్టులో మెకాయ్‌లో ఆస్ట్రేలియా 431/2, ముగ్గురు సెంచరీలు, సెప్టెంబర్‌లో సౌతాంప్టన్‌లో ఇంగ్లండ్ 414/5, రెండూ సౌతాఫ్రికా మీదే. రెండు సిరీస్‌లూ అప్పటికే సౌతాఫ్రికా గెలిచేసింది కాబట్టి ఆ రెండు మ్యాచ్‌లతోనే రూల్ పనిచేయలేదని తేల్చేయడం తొందరపాటు. 2027 వరల్డ్ కప్ సౌతాఫ్రికా, జింబాబ్వే, నమీబియాల్లో, వేదికల్లో వాండరర్స్ కూడా ఉంది. సముద్రమట్టానికి 1,700 మీటర్ల పైన, గాలి పలచన, బంతి మామూలుగానే దూరం పోతుంది. 434ని కొట్టేసిన ఆ గ్రౌండ్‌లో చివరి పది ఓవర్లు అరిగిన బంతి చేతికొస్తే ఫాస్ట్ బౌలర్లు ఏం చేస్తారన్నది చూడాలని నాకు చాలా ఆశగా ఉంది.