'వ్యక్తిగత అభిప్రాయం' అంటే ఏమైనా రాయవచ్చా? అపోహలు, వాస్తవాలు

సంపాదకీయ పేజీకి వచ్చే వ్యాసాలనూ పాఠకుల ఉత్తరాలనూ దిద్దడం నా ఉద్యోగం. టీవీ సీరియళ్ల మీద విసుగు, క్రికెట్ జట్టు ఎంపిక మీద ఆగ్రహం, రాజకీయ చర్చల మీద ఆవేశం: మా డెస్కుకు చేరేవాటిలో ఎక్కువ భాగం ఇవే. వాటి చివర తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది: 'ఇది నా వ్యక్తిగత అభిప్రాయం మాత్రమే.' ఆ ఒక్క మాట రాసేస్తే ఇక తమ జోలికి ఎవరూ రారని చాలామంది మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు. పాఠకులకు అన్నిటికంటే ఎక్కువ నష్టం తెస్తున్నది ఈ నమ్మకమే.

అపోహ: అభిప్రాయం అని చెబితే పరువు నష్టం కేసు నిలవదు.

వాస్తవం: చట్టం చూసేది మీరు పెట్టిన పేరును కాదు, మీరు రాసిన విషయాన్ని. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో పరువు నష్టం 356వ సెక్షన్ కింద నేరం. అంతకుముందు అది 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 499, 500 సెక్షన్ల కింద ఉండేది. గరిష్ఠ శిక్ష రెండేళ్ల సాధారణ జైలు. అయితే అదే సెక్షన్‌లో పది మినహాయింపులు ఉన్నాయి, వాటిలో ఒకటి సరిగ్గా మనలాంటి వారి కోసమే పెట్టినది: ప్రజల ముందుకు తెచ్చిన ఏ రచన మీదైనా, ఏ ప్రదర్శన మీదైనా సదుద్దేశంతో అభిప్రాయం చెప్పడం నేరం కాదు. ఆ పాత శిక్షాస్మృతిలోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది. ఒకరి పుస్తకం చదివి, 'ఇది అసభ్యంగా ఉంది కనుక రాసినవాడి మనసు కూడా అలాంటిదే అయి ఉండాలి' అంటే రక్షణ ఉంటుంది, ఎందుకంటే ఆ మాటకు ఆధారం పుస్తకమే. 'వాడి నడత ఎలాంటిదో తెలుసు కనుక పుస్తకం ఇలా ఉండడంలో ఆశ్చర్యం లేదు' అంటే ఆ రక్షణ పోతుంది, ఎందుకంటే ఆ నిందకు పుస్తకంతో సంబంధం లేదు.

ఈ గీతను సీరియళ్లకు వర్తింపజేసి చూడండి. కోడలి పాలలో విషం కలిపే సన్నివేశాన్ని వారాల తరబడి సాగదీశారని, ఆ రచనలో విలువలు లేవని ఎంత గట్టిగానైనా రాయవచ్చు. ఆ పాత్ర వేసిన నటి ఇంట్లో కూడా అలాగే ఉంటుందట అని రాస్తే మాత్రం అది విమర్శ కాదు. ప్రతినాయిక పాత్ర వేసినందుకు ఒక మనిషి అలాంటి మాటలు పడవలసి రావడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

2019 ఏప్రిల్‌లో ప్రపంచకప్ జట్టులో అంబటి రాయుడికి బదులు విజయ్ శంకర్‌ను తీసుకున్నప్పుడు మాకు ఉత్తరాలు వెల్లువెత్తాయి. జూలైలో మాంచెస్టర్ సెమీఫైనల్లో మొదటి ముగ్గురు బ్యాటర్లూ ఒక్కో పరుగుకే అవుటై, భారత్ 18 పరుగుల తేడాతో న్యూజిలాండ్ చేతిలో ఓడాక అవి రెట్టింపయ్యాయి. నాలుగో స్థానానికి అనుభవజ్ఞుడు కావలసిందని, సెలక్టర్ల నిర్ణయం పూర్తిగా తప్పని రాసినవాటిని యథాతథంగా వేశాము. కులం చూసి, డబ్బు చూసి ఎంపిక చేశారన్న వాక్యాలను కొట్టివేశాము. మొదటివి అందరికీ తెలిసిన స్కోర్ల మీద నిలబడిన అభిప్రాయాలు, రెండోవి రుజువు చేయవలసిన ఆరోపణలు.

జిల్లా స్థాయి క్రికెట్ ఎంపికల మీద ఒక తండ్రి పంపిన వ్యాసం నాకు బాగా గుర్తుంది. లక్ష రూపాయలు చేతులు మారాయని అందులో సూటిగా రాశారు. ఫోన్ చేసి ఆధారం అడిగితే, 'ఊరందరికీ తెలిసిందే కదండీ' అన్నారు. ఊరికి తెలియడం సాక్ష్యం కాదని చెప్పి, లీగ్ మ్యాచ్‌ల స్కోరు పుస్తకం పంపమన్నాను. తన కొడుకు పరుగులనూ ఎంపికైన ముగ్గురి పరుగులనూ పక్కపక్కన పెట్టి ఆయన మళ్లీ రాశారు. డబ్బు ప్రస్తావన లేని ఆ రెండో వ్యాసమే చాలా బలంగా వచ్చింది.

అపోహ: నిజమైతే చాలు.

వాస్తవం: క్రిమినల్ కేసులో నిజమని నిరూపించడంతో పాటు దాన్ని చెప్పడం ప్రజాహితం కోసమేనని కూడా చూపించాలి. పొరుగింటి వారి కుటుంబ కలహం అక్షరాలా నిజమే కావచ్చు, కానీ దాన్ని ఊరంతా చదవవలసిన అవసరం ఏమిటి?

అపోహ: 'అట' అన్నాను, ప్రశ్నార్థకం పెట్టాను, పేరు రాయలేదు, ఫార్వర్డ్ మాత్రమే చేశాను.

వాస్తవం: వీటిలో ఏదీ కవచం కాదు. పేరు లేకపోయినా ఎవరి గురించో చదివినవారికి తెలిసిపోతే చాలు. వ్యంగ్యంగా చెప్పినా పరువు నష్టమే కావచ్చని చట్టమే అంటోంది. చదవకుండా ఫార్వర్డ్ చేశానన్న వాదనను 2023లో మద్రాసు హైకోర్టు అంగీకరించలేదు. చర్చల్లో 'వక్తల అభిప్రాయాలతో ఛానల్‌కు సంబంధం లేదు' అనే ప్రకటన కూడా ఎవరి బాధ్యతనూ తుడిచివేయదు.

వాట్సాప్‌లో మూడు టిక్కులు ఎర్రగా మారితే ప్రభుత్వం మీ మెసేజ్ చదివినట్టే అన్న పుకారును దయచేసి ఇకనైనా ఆపండి. అలాంటి టిక్కు లేదు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. సభ్యులు పెట్టినదానికి గ్రూప్ అడ్మిన్‌ను కేవలం అడ్మిన్ అయినందుకు బాధ్యుణ్ని చేయలేమని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి.

అపోహ: నాయకుణ్ని విమర్శిస్తే పోలీసులు తీసుకుపోతారు.

వాస్తవం: ఈ భయంతో పంచాయతీ నీళ్ల ట్యాంకు గురించి కూడా మారుపేరుతో రాసే విశ్రాంత ఉపాధ్యాయులు నాకు తెలుసు. వారికి ధైర్యం చెప్పాలని ఉంది. పరువు నష్టం పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయగల నేరం కాదు. సాధారణంగా బాధితులే మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు చేసుకోవాలి, బెయిలు హక్కుగా లభిస్తుంది. మంత్రి పనితీరును ఆధారాలతో, శ్రద్ధగా విమర్శించడానికి మినహాయింపు స్పష్టంగా ఉంది. నిజమైన ప్రమాదం వేరేచోట ఉంది: నాయకుడి మీది కోపాన్ని అతని కులం మీదికో మతం మీదికో మళ్లిస్తే, వర్గాల మధ్య వైరం పెంచే నేరానికి న్యాయ సంహితలోని 196వ సెక్షన్ వర్తించవచ్చు, దానికి వారంటు అక్కరలేదు. ప్రభుత్వోద్యోగులకు వీటన్నిటికీ తోడు ప్రవర్తనా నియమావళి కూడా ఉంటుంది.

ఎవరైనా లాయరు నోటీసు పంపితే కంగారుపడకండి, నోటీసు కేసు కాదు. అది అందిన తేదీని కవరు మీద రాసి, మీరు రాసినదాని ప్రతినీ, దానికి ఆధారమైన కాగితాలనూ ఒకచోట పెట్టి, నోటీసులో ఇచ్చిన గడువులోగా మీ వకీలుకు చూపించండి. ఈలోగా కోపంతో దాని మీద ఇంకొకటి రాయకండి.