బ్లాక్ కొట్టే ముందు: ఆన్‌లైన్ వేధింపులపై అపోహలు - వాస్తవాలు

ఆన్‌లైన్‌లో వేధింపులు పడుతున్నవాళ్లకు సాయం చేయడం నా పని. చాలామంది నా దగ్గరికి వచ్చేసరికి ఫోన్‌లో ఏమీ మిగలదు, అంతా తుడిచేసి ఉంటారు. వాళ్లను తప్పుపట్టలేను, చుట్టూ దొరికే సలహాలే అలాంటివి.

అపోహ: మెసేజ్‌లు డిలీట్ చేసి బ్లాక్ కొడితే పీడ విరగడవుతుంది.

వాస్తవం: బ్లాక్ చేయండి, కానీ ముందు సాక్ష్యం దాచుకోండి. ఒకామె తెచ్చిన స్క్రీన్‌షాట్‌లో బూతులన్నీ స్పష్టంగా ఉన్నాయి. పంపినవాడి పేరు, తేదీ మాత్రం కత్తిరింపులో పోయాయి. ఈలోగా వాడు అకౌంట్ పేరు మార్చేశాడు. అందుకే పేరు, తేదీ, సమయం కనిపించేలా ఫొటో తీసి, ప్రొఫైల్ లింక్ కూడా కాపీ చేసుకోవాలి. ఫేస్‌బుక్‌లో పేరు ఎన్నిసార్లు మార్చినా వెనకున్న అంకెల ఐడీ మారదు. వాట్సాప్‌లో రిపోర్ట్ చేస్తే అవతలివాడు పంపిన చివరి 5 మెసేజ్‌లు కంపెనీకి వెళ్తాయి, ఆ సంగతి వాడికి తెలియదు. అక్కడ చాట్ కూడా డిలీట్ చేసే టిక్ కనిపిస్తే, ఆ టిక్ తీసేయండి, లేకపోతే సాక్ష్యం పోతుంది. కంగారులో దాన్ని ఎవరూ చూడరు.

అపోహ: అడిగిన డబ్బు ఇచ్చేస్తే ఫొటోలు బయటపెట్టడు.

వాస్తవం: ఇచ్చారంటే, మీ దగ్గర ఇంకా రాబట్టవచ్చని వాడికి తెలిసిపోయినట్టే. ఆ డబ్బు ఆపి, 2021లో మొదలైన స్టాప్‌ఎన్‌సీఐఐ (StopNCII.org) సైట్‌కి వెళ్లండి. మన అంగీకారం లేకుండా నగ్న ఫొటోలు ఆన్‌లైన్‌లో పాకకుండా ఆపడానికి పెట్టిన సైట్ అది. ఫొటో ఎవరికీ పంపనక్కర్లేదు. మీ ఫోన్‌లోనే దానికో డిజిటల్ వేలిముద్ర తయారవుతుంది, ఆ కోడ్ మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి సంస్థలకు చేరుతుంది, దానితో పోల్చి అదే ఫొటోను వాళ్లు గుర్తిస్తారు. అందులో చేరని సైట్లలో ఇది పనిచేయదు. ఫొటో 18 ఏళ్లు నిండకముందు తీసిందైతే, టేక్ ఇట్ డౌన్ అనే సేవ వేరే ఉంది.

అపోహ: పట్టించుకోకపోతే వాళ్లే మానేస్తారు.

వాస్తవం: పొద్దుపోక గిల్లే అపరిచితుడైతే మానేస్తాడేమో. విడిపోయిన భాగస్వామో, గుంపుగా మీదపడే జనమో అయితే మానరు. జవాబివ్వకండి, రికార్డు మాత్రం ఆపకండి. ఒకప్పుడు నేను, ప్రతి మెసేజ్ మీరే చదివి రాసుకోండి అని చెప్పేవాణ్ణి. నిద్రలేని కళ్లతో నోట్‌బుక్ తెచ్చిన ఒకతన్ని చూశాక మానేశాను. ఇప్పుడు ఫోన్‌ను నమ్మకమైన స్నేహితురాలికో, అన్నకో ఇవ్వమంటున్నాను. తేదీ, లింక్, ఒక ముక్కలో విషయం వాళ్లు రాస్తారు. చంపుతామనో, ఇంటి అడ్రస్ తెలుసనో వేధించేవాళ్లు బెదిరిస్తే మాత్రం ఆ స్నేహితురాలో అన్నో అప్పటికప్పుడు మీకు చెప్పాలి, పోలీసుల దగ్గరికి వెళ్లేటప్పుడు వాళ్లు రాసిన కాగితమూ పట్టుకెళ్లాలి.