క్యాథలిక్ బడుల్లో డ్రామాకు చోటు ఎక్కడ పోయింది?

బడులు కొన్ని నిర్ణీత సబ్జెక్టుల్లో ఎంతమంది పిల్లలతో పరీక్ష రాయిస్తున్నాయో చూసే ఈబ్యాక్ కొలమానాన్ని ఎత్తేయాలని ఇంగ్లండ్ పాఠ్యప్రణాళిక సమీక్ష 2025 నవంబరులో చెప్పింది. ప్రభుత్వం సరేనంది. దాంతో క్యాథలిక్ సెకండరీ స్కూళ్లలో డ్రామాను సబ్జెక్టుగా నేర్పాలా వద్దా అన్న పాత చర్చ మళ్లీ ముందుకొచ్చింది. ఈ బడుల్లో డ్రామా వెనకబడడానికి చర్చికీ నాటకానికీ పడకపోవడమే కారణమనుకోవడం తేలిక. కానీ ఇప్పటి చిక్కుకు మతంతో సంబంధం చాలా తక్కువ.

1988 విద్యాసంస్కరణ చట్టంతో జాతీయ పాఠ్యప్రణాళిక వచ్చినప్పుడు సంగీతం, చిత్రకళ విడి సబ్జెక్టులయ్యాయి. డ్రామాను మాత్రం ఇంగ్లీషులో భాగం చేశారు. అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. 2010లో విద్యామంత్రి మైకేల్ గోవ్ ఈబ్యాక్ తెచ్చారు: ఇంగ్లీషు, గణితం, సైన్సు, ఒక విదేశీ లేదా ప్రాచీన భాష, చరిత్ర లేదా భూగోళం. పేద పిల్లలకూ గట్టి చదువు అందాలన్నది ఆయన వాదన. అందులో మత విద్య లేదు, డ్రామా లేదు.

2016లో పిల్లలు సెకండరీలో ఎంత ముందుకెళ్లారో చూసే ప్రోగ్రెస్ 8 అనే కొలమానం వచ్చింది. ఇక్కడే లెక్క బిగుసుకుంది. బడి పనితీరును ఎనిమిది గడుల్లో కొలుస్తారు. ఇంగ్లీషు, గణితం, మూడు ఈబ్యాక్ సబ్జెక్టులు పోగా స్వేచ్ఛగా నింపుకోడానికి మిగిలేవి మూడు. ఇంగ్లీషు రెండో పరీక్ష సాధారణంగా వాటిలో ఒకటి తీసుకుంటుంది. క్యాథలిక్ బడిలో మత విద్య ఇంకొకటి తీసుకుంటుంది, ఎందుకంటే బోధన సమయంలో పదో వంతు దానికే ఇవ్వాలన్నది బిషప్పుల నియమం. ఇక మిగిలిన ఒక్క గడి కోసం చిత్రకళ, సంగీతం, వ్యాయామ విద్య, డ్రామా పోటీ పడాలి. పక్కనున్న మామూలు బడికి ఆ ఇరుకు అంతగా లేదు.

క్రిస్మస్ నాటిక ఏటా వేస్తున్నాం కదా అని కొందరు హెడ్‌మాస్టర్లు అంటారు. వేషం కట్టి, బట్టీ పట్టిన మాటలు అప్పజెప్పడం వేరు, డ్రామా పాఠం వేరు. న్యూకాజిల్‌లో దశాబ్దాల పాటు టీచర్లకు శిక్షణ ఇచ్చిన డొరొతీ హీత్‌కోట్ చూపించింది ఆ తేడానే. ఆమె తరగతిలో పిల్లలు ప్రేక్షకుల కోసం నటించరు, పాత్ర స్థానంలో నిలబడి నిర్ణయం తీసుకుంటారు. బైబిలులోని మంచి సమరయుడి కథనే తీసుకోండి. గాయపడ్డవాణ్ణి చూసి కూడా తప్పుకుని వెళ్లిన లేవీయుడిగా, అంటే దేవాలయ సేవకుడిగా, ఒక పిల్లవాడు నిలబడి, ఎందుకు ఆగలేదో తోటివాళ్లకు చెప్పుకోవాలి. వాళ్లు ఎదురు ప్రశ్నలు వేస్తారు. ‘నీ పొరుగువాడెవడు’ అన్న ప్రశ్న అప్పుడు వాడికి సూటిగా తగులుతుంది. మత విద్య పరీక్షలో ఆ కథ మీద పొడుగాటి జవాబు రాసినా ఇంత లోతుకు దిగదు.

కాబట్టి డ్రామాకు చోటిస్తే మత విద్య పలచబడుతుందన్న భయానికి ఆధారం కనిపించదు. ఈబ్యాక్ పోయినా పదో వంతు నియమం పోదు, పోనక్కర్లేదు కూడా. ఖాళీ అయ్యే చోటును దేనికివ్వాలో బడుల పాలకమండళ్లే తేల్చాలి. తొమ్మిదో తరగతి పిల్లల ముందు పెట్టే ఐచ్ఛిక సబ్జెక్టుల జాబితాలో డ్రామా పేరు ఉండాలంటే, దాన్ని నేర్పే టీచరు బడిలో మిగిలి ఉండాలి.