సాల్వెంట్ జబ్బు, నష్టపరిహారం: అపోహలు – వాస్తవాలు

విశాఖ దగ్గరి పరవాడ ఫార్మా సిటీలో రియాక్టర్లలోకి టోలుయిన్, ఎండీసీ (మిథిలీన్ డైక్లోరైడ్) పోసేవాళ్లు, ఓడల ట్యాంకుల్లో దిగి పెయింటు స్ప్రే చేసేవాళ్లు, ఆటోనగర్ షెడ్లలో థిన్నర్‌తో పార్టులు కడిగేవాళ్లు. వీళ్లంతా పీల్చేది సాల్వెంట్ల (ఇతర పదార్థాలను కరిగించే రసాయనాల) ఆవిరే. పని ఏదైనా, దాని వల్ల జబ్బు చేశాక పరిహారం అడగబోతే వినిపించే మాటలు దాదాపు ఇవే. 1923 నాటి పరిహార చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. కింద చెప్పిన మూల సూత్రాలు రెండింటిలోనూ ఉన్నాయి.

అపోహ: ప్రమాదమే జరగలేదు, పరిహారం ఎక్కడిది?

వృత్తి వల్ల వచ్చిన జబ్బునే చట్టం ప్రమాదంగా లెక్కిస్తుంది. మూడో షెడ్యూల్ 'బి' భాగంలో బెంజీన్, దాని విష సజాతీయాలు (అదే కుటుంబపు రసాయనాలు; టోలుయిన్, జైలీన్ ఈ కోవలోవే), ఎండీసీ లాంటి క్లోరిన్ సాల్వెంట్లు, ఆల్కహాళ్లు, కీటోన్ల వల్ల వచ్చే జబ్బులున్నాయి. షరతు ఒక్కటే: ఒకే యజమాని దగ్గర, ఎడం లేకుండా కనీసం ఆరు నెలల సర్వీసు.

చాలా కేసులు చిక్కుకునేది ఇక్కడే. ప్లాంటు అదే, బ్లాకు అదే, గేట్ పాస్ మీద కాంట్రాక్టరు పేరు మాత్రం నాలుగు నెలలకోసారి మారుతుంది. అందుకే పాత పాసులు, పీఎఫ్ పాస్‌బుక్, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ పారేయొద్దు. దరఖాస్తులో కాంట్రాక్టరుతో పాటు అసలు కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చాలి. కాంట్రాక్టు కూలీకి పరిహారం చెల్లించే బాధ్యత ప్రధాన యజమానికీ ఉంది.

అపోహ: రక్త పరీక్ష నార్మల్ వచ్చింది, ఇక కేసు లేదు.

టోలుయిన్, జైలీన్ ఒంట్లో నిలవుండవు. పని మానేసిన ఒకటి రెండు రోజుల్లోనే ఆనవాలు దాదాపు పోతుంది. నెల రోజుల సెలవు తర్వాత చేసిన పరీక్ష నార్మల్ రావడంలో వింతేమీ లేదు. షిఫ్టు ముగియగానే తీసిన మూత్రంలో జైలీన్‌కు మిథైల్ హిప్యూరిక్ యాసిడ్, టోలుయిన్‌కు ఆర్థో క్రెసాల్ చూడాలి. టోలుయిన్‌కు ఒట్టి హిప్యూరిక్ యాసిడ్ చూపిస్తే ఎదుటి లాయరు ఆ రోజు తిన్న సీసా పచ్చడి, తాగిన కూల్‌డ్రింకు మీదికి తోసేస్తాడు. వాటిలో వేసే సోడియం బెంజోయేట్ కూడా దాన్ని పెంచుతుంది మరి. బెంజీన్ సంగతి వేరు. ప్లేట్‌లెట్లు, తెల్ల కణాలు నెలల తరబడి తగ్గుతూ రావడమే అక్కడ సాక్ష్యం కాబట్టి పాత సీబీసీ (రక్త కణాల లెక్క) రిపోర్టులన్నీ వరుసగా కావాలి.

పరీక్షల కంటే ముందు ఓపీ చీటీ చూసుకోండి. కేజీహెచ్‌లో చూపించుకున్నా, మల్కాపురం ఈఎస్‌ఐ ఆస్పత్రికి వెళ్లినా, వృత్తి అన్నచోట 'కూలీ' అని ఉంటే అది రేపు మీకే అడ్డం. ఏ రసాయనం, రోజుకు ఎన్ని గంటలు, ఎన్నేళ్లు, సెలవుల్లో తగ్గి డ్యూటీకి వెళ్తే పెరుగుతోందా అన్నవి డాక్టరు చేత రాయించుకోండి. 'థిన్నర్' అంటే రసాయనం పేరు కాదు. ఆ సరుకు సేఫ్టీ డేటా షీట్ (తయారీదారు ఇచ్చే రసాయన సమాచార పత్రం) మూడో సెక్షన్‌లో అసలు దినుసులు ఉంటాయి. క్యాస్ నంబరు (ఒక్కో రసాయనానికి ఉండే గుర్తింపు సంఖ్య) 108-88-3 కనిపిస్తే టోలుయిన్, 1330-20-7 అయితే జైలీన్, 75-09-2 ఎండీసీ. బ్లాకులోకి ఫోను రానివ్వరు కాబట్టి డ్రమ్ము మీది పేరు, నంబరు గుర్తుపెట్టుకుని, ఇంటికొచ్చాక తేదీ వేసి నోటుబుక్కులో రాయండి.

అపోహ: మాస్క్ పెట్టుకోలేదు, తప్పు నీదే.

గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు ఆవిరిని ఆపవు. టోలుయిన్, జైలీన్ లాంటి వాటికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (ఆవిరిని పీల్చుకునే ఫిల్టరు డబ్బా) ఉన్న రెస్పిరేటర్ కావాలి. ఎండీసీని ఆ కార్ట్రిడ్జ్ కూడా సరిగా ఆపదు, దానికి బయటి నుంచి గాలి అందించే రెస్పిరేటర్ కావాలి. కార్ట్రిడ్జ్ ఎన్నాళ్లకోసారి మార్చారో అడగండి, సగం వాదన అక్కడే పడిపోతుంది. కావాలని రక్షణ సాధనం తీసేశాడని యజమాని రుజువు చేయగలిగినా, మరణం, పూర్తి శాశ్వత వైకల్యం కేసుల్లో ఆ సాకు చెల్లదు.

అపోహ: జబ్బు మొదలై రెండేళ్లు దాటింది, గడువు పోయింది.

గడువు రెండేళ్లే, కానీ ఎప్పటి నుంచి లెక్కన్నదే ముఖ్యం. జబ్బు వల్ల వరుసగా పనికి రాలేకపోయిన మొదటి రోజునే ప్రమాదం జరిగిన రోజుగా తీసుకుంటారు. ఉద్యోగం మానేసిన రెండేళ్ల లోపు లక్షణాలు బయటపడితే, అవి మొదట గుర్తించిన రోజు నుంచి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారమూ ఉంది. యజమానికి రాతపూర్వక నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.

అపోహ: ఈఎస్‌ఐ, యజమాని ఇద్దరి దగ్గరా తీసుకోవచ్చు.

కుదరదు. ఈఎస్‌ఐలో ఉన్నవారికి దారి ఈఎస్‌ఐ మెడికల్ బోర్డే.

అపోహ: సదరం సర్టిఫికెట్‌లో శాతం ఎంతో పరిహారం అంతే.

సదరం చెప్పేది శారీరక వైకల్యం. ఇక్కడ కావాల్సింది సంపాదన శక్తి ఎంత పోయిందన్న అంచనా, అదీ డాక్టరు రాసిచ్చింది. ఎడమ చేయి తెగిన వడ్రంగికి సంపాదన శక్తి మొత్తం పోయినట్టేనని సుప్రీంకోర్టు 1975లోనే తేల్చింది. ఊపిరాడక ట్యాంకులో దిగలేని పెయింటరు కూడా ఇదే అడగవచ్చు.

లెక్క ఇలా ఉంటుంది. సంపాదన శక్తి మొత్తం పోయిన 40 ఏళ్ల మనిషికి నెల జీతం 18,000 ఉన్నా, 2020 జనవరి నోటిఫికేషన్ పరిమితి ప్రకారం 15,000కే లెక్క. అందులో 60 శాతం 9,000. దాన్ని ఆ వయసుకు చట్టం పట్టికలో ఇచ్చిన గుణకం 184.17తో హెచ్చవేస్తే 16,57,530 రూపాయలు. సంపాదన శక్తి 30 శాతమే పోయిందంటే 4,97,259. నెల దాటినా చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, తగిన కారణం లేని ఆలస్యానికి బాకీలో 50 శాతం దాకా జరిమానా. హక్కు వదులుకుంటున్నానని తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకున్నా అది చెల్లదు.

పరవాడ 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. అయినా గాజువాకలో కాపురముండే కార్మికుడు కేసు కోసం అక్కడికి తిరగనక్కర్లేదు. తానుండే చోటి కార్మిక శాఖ అధికారి దగ్గరే దరఖాస్తు వేయొచ్చు.