డిగ్రీలో చేరబోయే పిల్లలకు

హనుమకొండ

చిరంజీవులకు ఆశీస్సులు.

దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ పోర్టల్‌లో) ఆప్షన్లు పెట్టుకునే ముందు మీరు అడిగిన ప్రశ్న నన్ను ఆలోచింపజేసింది. భౌతికశాస్త్రంతో పాటు అర్థశాస్త్రం, కంప్యూటర్లు కూడా చదివితే చివరికి దేనిలోనూ పట్టు దొరకక ఉద్యోగానికి పనికిరాకుండా పోతామా అని మీ భయం. అది అర్థం లేని భయం కాదు కనుక వివరంగా రాస్తున్నాను.

పత్తి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లి చూడండి. కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ మద్దతు ధరకు కొనే పత్తిలో తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 శాతం దాటితే కొనరు. ఆ అంకెను చూపే చిన్న మీటరులో ఉన్నది భౌతికశాస్త్రమే: దూదిలో నీరు పెరిగిన కొద్దీ దానిగుండా విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది. పత్తి ఎందుకు తడిసిందో తెలియాలంటే ఏరే కాలంలో కురిసే వాన గురించి, పంటను ఆరబెట్టే చోటు గురించి తెలియాలి. ఒక శాతం తేడాతో క్వింటాలుకు ఎంత నష్టమో చెప్పేది వాణిజ్యశాస్త్రం; పత్తి ఆరేదాకా ఆగలేక రైతు తక్కువ ధరకే ఎందుకు అమ్ముకుంటున్నాడో, అతని మీదున్న అప్పు ఎలాంటిదో వివరించేది అర్థశాస్త్రం. బండి కట్టకముందే ఇంటి దగ్గరే తేమను కొలిచి, రైతుకు తెలిసిన తెలుగులో చెప్పే పరికరం చేయాలనుకునే వారికి ఇవన్నీ కావాలి. సమస్య ఒక్కటే, దాన్ని విభాగాలుగా పంచుకున్నది మన కళాశాలలు.

1213 నాటి శాసనమున్న రామప్ప గుడి విషయమూ అంతే. దాని శాసనాన్ని చరిత్ర విద్యార్థి చదవగలడు గానీ, పునాది కింద నింపిన ఇసుక బరువును ఎలా మోస్తున్నదో, నీటిలో తేలే ఇటుకలతో శిఖరాన్ని ఎందుకు కట్టారో చెప్పడానికి సివిల్ ఇంజినీరు, రసాయనశాస్త్రవేత్త పక్కన ఉండాలి.

అయితే ఒక మాట గట్టిగా చెబుతాను. నాలుగు సబ్జెక్టుల్లో పైపై మాటలు నేర్చుకోవడం అంతర్విషయ అధ్యయనం, అంటే సబ్జెక్టులను కలిపి చదవడం, కాదు. ఒక సబ్జెక్టులో లోతుగా దిగి, లెక్క చేయడం, ప్రయోగం చేయడం, తప్పు పట్టుకోవడం నేర్చుకున్న తరువాతే పక్క సబ్జెక్టు ఉపయోగపడుతుంది. 2020 జాతీయ విద్యా విధానం బహుళ విషయాల చదువుకు తలుపులు తెరిచింది, పూర్తి చేసిన కోర్సులకు వచ్చే క్రెడిట్లను దాచుకునే ఏర్పాటూ చేసింది. కానీ ఏ క్రెడిట్లు కలిపితే అర్థవంతమైన చదువు అవుతుందో మీరే అధ్యాపకులతో కూర్చుని తేల్చుకోవాలి. బీఈడీకైనా, పీజీకైనా డిగ్రీలో ఏయే సబ్జెక్టులు చదివి ఉండాలన్న నిబంధనలు ఉంటాయి, చేరకముందే అవి చూసుకోండి. ఉద్యోగం ఇచ్చేవారికి మీ సబ్జెక్టుల పేర్లకన్నా మీరు చేసిన పని చూపడం మేలు కనుక, చివరి సంవత్సరం ప్రాజెక్టును మన ఊరి సమస్య మీద, వేరే విభాగం మిత్రుడితో కలిసి చేయండి.

మీకు నచ్చిన రెండు కోర్సుల సిలబస్ కాగితాలు పంపితే చదివి నా అభిప్రాయం రాస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య